పోవిస్ కోట: క్లైవ్ కోసం కాదు, క్లైవ్ కొడుకు కోసం వెళ్లండి

బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు ఇది. కోట ఉన్నది వేల్స్‌లో, వెల్ష్‌పూల్ ఊరిని ఆనుకుని. బర్మింగ్‌హామ్ నుంచి నేరుగా రైలుంది. స్టేషన్లో దిగి, జింకలు తిరిగే పార్కు మీదుగా నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు.

మనవాళ్లు చాలామంది దీన్ని రాబర్ట్ క్లైవ్ కోట అనుకుని వెళ్తారు. ఆయన ఈ కోటలో ఎప్పుడూ కాపురం ఉండలేదు. 1587లో ఇది హెర్బర్ట్ అనే వంశం చేతికి వచ్చింది. ప్లాసీలో గెలిచి, బెంగాల్ డబ్బుతో ఇంగ్లండ్‌లోని గొప్ప ధనవంతుల్లో ఒకడైన రాబర్ట్ 1774లో చనిపోయాడు. పదేళ్ల తర్వాత, 1784లో, ఆయన పెద్దకొడుకు ఎడ్వర్డ్ ఈ కోట ఆడపడుచు హెన్రియెట్టాని పెళ్లాడాడు. హెర్బర్టులకి పాత పేరుంది, దాంతోపాటు అప్పులూ ఉన్నాయి. క్లైవ్‌లకి డబ్బుంది, వంశగౌరవం కొత్తది. హెన్రియెట్టా అన్న 1801లో పెళ్లి కాకుండానే పోవడంతో ఆయనకున్న పోవిస్ ఎర్ల్ (ప్రభువు) బిరుదు ఆగిపోయింది. 1804లో దాన్ని ఎడ్వర్డ్‌కి కొత్తగా ఇచ్చి పోవిస్ ఎర్ల్‌ని చేశారు. ఆస్తి దక్కడం కోసం వాళ్ల పెద్దబ్బాయి 1807లో ఇంటిపేరు హెర్బర్ట్‌గా మార్చుకున్నాడు. క్లైవ్ మనవడు క్లైవ్‌గా మిగల్లేదన్నమాట. లోపల గోడలమీది చిత్రపటాలు చూసేటప్పుడు ఈ వరస మనసులో పెట్టుకోండి. లేకపోతే అన్నీ ఒకేలాంటి తెల్లటి మొహాల్లా కనిపిస్తాయి.

నేను పిఠాపురం వైపు మనిషిని. చాలా ఏళ్లు కాలేజీలో హిస్టరీ చెప్పాను. మాకు దగ్గర్లోని చందుర్తిలో 1758 డిసెంబరులో ఫ్రెంచివాళ్లని ఓడించిన కల్నల్ ఫోర్డ్‌ని కలకత్తా నుంచి పంపింది రాబర్ట్ క్లైవే. విజయనగరం రాజు ఆనంద గజపతి ఫోర్డ్ పక్షాన నిలిచాడు. మరుసటి ఏడు మచిలీపట్నం కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. 1765లో సర్కారు జిల్లాల (మన కోస్తా ప్రాంతం) కోసం ఢిల్లీ పాదుషా దగ్గర ఫర్మానా తెచ్చుకున్నదీ రాబర్టే.

కానీ మన నేలమీద కొడుకు ముద్ర ఇంకా లోతుగా పడింది. ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు. 1800లో నిజాం దత్త మండలాలు (రాయలసీమ వైపు) రాసిచ్చినప్పుడు, 1801లో కర్ణాటక నవాబు రాజ్యంతో పాటు నెల్లూరు కంపెనీ చేతికి వెళ్లినప్పుడు, 1802లో సర్కారు జిల్లాల్లో జమీందారీలకి శాశ్వత శిస్తు ఖాయం చేసినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఈయనే. ఆలోచన చాలావరకు గవర్నర్ జనరల్ వెల్లస్లీది అయినా, మన తాతముత్తాతలు శిస్తు కట్టిన పద్ధతి ఈయన హయాంలో మొదలైంది. ఆయన పటం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

కోటలోనే ఉన్న క్లైవ్ మ్యూజియంలో వెయ్యికి పైగా వస్తువులున్నాయి. టిప్పు సింహాసనం మీది బంగారు పులి తల చిన్నదే, కానీ దానిమీది కెంపుల మెరుపు చూస్తే కళ్లు తిప్పుకోలేం. సిరాజుద్దౌలా ప్లాసీలో వదిలేసి వెళ్లాడని చెప్పే పల్లకి కూడా ఉంది. నన్ను కదిలించింది టిప్పు గుడారం. పూల కుండీలు అద్దిన నూలు బట్ట, మన కలంకారీ దుప్పటి పరిచినట్టే ఉంటుంది. దాన్ని ఈ కుటుంబం తోటలో విందులప్పుడు వేసుకునేదని తెలిసి కడుపు మండింది. నా మటుకు ఇవి శ్రీరంగపట్నంలో ఉండాల్సినవి.

హెన్రియెట్టా గురించి కూడా అడగండి. 1800లో ఇద్దరు కూతుళ్లని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి మైసూరు, కోయంబత్తూరు, తంజావూరు మీదుగా వెయ్యి మైళ్లకి పైగా తిరిగిన మనిషి. ఆ ఇద్దరిలో షార్లెట్ తర్వాత కాలంలో, రాణి కాకముందు విక్టోరియాకి గవర్నెస్ అయింది. మా అమ్మాయికి ఈ తల్లీకూతుళ్ల కథే ఎక్కువ నచ్చింది.

ఇంట్లో మిగతా గదులు త్వరగా చూసేయొచ్చు. పొడవాటి గ్యాలరీలో పాముని పట్టుకున్న పాలరాతి పిల్లి బొమ్మని మాత్రం వదలొద్దు. రోమన్ల కాలం నాటిది, రాబర్ట్ తన భార్య మార్గరెట్‌కి ఇచ్చాడట.

తోట కొండవాలు మీద అంచెలంచెలుగా దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై అంచెలోనే కూర్చోండి, అక్కడినుంచీ అంతా కనిపిస్తుంది. కింది తోటని తీర్చిదిద్దింది నాలుగో ఎర్ల్ భార్య వయొలెట్. పెద్దకొడుకు మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలతో 1916లో పోయాడు. ఆమె 1929లో కారు ప్రమాదం తర్వాత పోయింది. రెండో కొడుకు 1943లో, రెండో యుద్ధంలో. 1952లో ఎర్ల్ కూడా పోతూ కోటని పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకి రాసేశాడు. మన దేశం నుంచి వచ్చిన సొమ్ము మీద నాకెంత కోపమున్నా, ఆ తండ్రి సంగతి తెలిశాక మనసు బరువెక్కింది.

ఇల్లు, మ్యూజియం, తోట తెరిచే వేళలు ముందే చూసుకుని, పొద్దున్నే బయల్దేరండి. మ్యూజియం ముందు చూసి తోటకి మధ్యాహ్నం వెళ్తే మంచిది. పదో తరగతి దాటిన పిల్లలుంటే తప్పక తీసుకెళ్లండి, దారిలో 1800, 1801, 1802 సంగతులు చెప్పుకుంటూ వెళ్లండి.