సిమ్యులేటర్ శిక్షణ పేరుతో డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఉద్దానం వైపు నుంచి, ముఖ్యంగా సోంపేట, కవిటి మండలాల నుంచి పిల్లలను మర్చంట్ నేవీకి పంపాలనుకునే తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక రాస్తున్నాను. మెకానికల్ బీటెక్ పూర్తి చేసిన మా తమ్ముణ్ణి శ్రీకాకుళం పట్టణంలోని ఒక శిక్షణ కేంద్రంలో చేర్పించి, జీడిపిక్కలు అమ్మగా వచ్చిన సొమ్ములో రూ. 1,40,000 ఫీజుగా కట్టాము. ఓడ ఇంజిన్ గదినంతా అచ్చంగా అనుకరించే ఫుల్ మిషన్ ఇంజిన్ రూమ్ సిమ్యులేటర్ ఉందని చెప్పి చేర్చుకున్నవారు చూపించింది ఒక గదిలో రెండు కంప్యూటర్లు, గోడకు ఒక పెద్ద టీవీ మాత్రమే.

మోసం మాకు తెలిసింది మా బావ వల్ల. ఓడలో సెకండ్ ఇంజినీరుగా పనిచేస్తున్న ఆయన సెలవుకు వచ్చినప్పుడు, తమ్ముడు ఫోనులో తీసుకున్న అభ్యాసం వీడియోను చూసి, వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. టర్నింగ్ గేర్ (ఆగి ఉన్న ఇంజిన్‌ను మోటారుతో నెమ్మదిగా తిప్పే పళ్లచక్రం) ఎంగేజ్‌లో, అంటే ఇంజిన్‌కు తగిలించి ఉన్నట్టు తెర మీద స్పష్టంగా కనిపిస్తుండగానే మావాడు స్టార్ట్ నొక్కాడు, మెయిన్ ఇంజిన్ తిరిగింది. అసలు ఓడలో అయితే ఇంటర్‌లాక్ అనే రక్షణ ఏర్పాటు అడ్డుపడి, ఇంజిన్‌ను స్టార్ట్ చేసే ఒత్తిడి గాలిని (స్టార్టింగ్ ఎయిర్‌ను) సిలిండర్లలోకి పోనివ్వదని బావ చెప్పాడు. లూబ్ ఆయిల్ ప్రెషర్ చూడకుండా, సిలిండర్ల చుట్టూ తిరిగే జాకెట్ వాటర్ వేడెక్కకుండా ఇంజిన్ స్టార్ట్ చేయడం అలవాటైన కుర్రవాడు రేపు నిజమైన ఇంజిన్ రూములోకి వెళితే ఏమవుతుందోనన్న ఆలోచనే మమ్మల్ని డబ్బు కంటే ఎక్కువ బాధించింది.

1978లో రూపొంది 2010లో మనీలాలో సవరణలు పొందిన ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందం (ఓడ సిబ్బంది శిక్షణ, సర్టిఫికెట్లకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం, శిక్షణకు వాడే సిమ్యులేటర్ ఓడలోని పరికరాల సామర్థ్యాన్నే కాక వాటి పరిమితులను, వాటిలో రాగల పొరపాట్లను కూడా చూపగలగాలి. అభ్యాసానికి ముందు బ్రీఫింగ్, తరువాత ఎక్కడ తప్పు జరిగిందో కూర్చోబెట్టి చర్చించే డీబ్రీఫింగ్ తప్పనిసరి. మా తమ్ముడికి ఒక్కరోజు కూడా డీబ్రీఫింగ్ జరగలేదు, నేర్పినవారు ఎన్నడూ ఓడలో పనిచేసినవారు కారు.

ఇచ్చిన సర్టిఫికెట్ కూడా చెల్లదు. నౌకా శిక్షణ కోర్సులను ఆమోదించే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఆమోదం ఒక్కో కోర్సుకు విడివిడిగా ఉంటుంది కనుక, గోడకు తగిలించిన ఏదో ఒక ఆమోదపత్రాన్ని చూసి నమ్మకుండా, మీరు చేరబోయే కోర్సు పేరు, ఆ సంస్థ పేరు రెండూ డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులోని జాబితాలో ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. పైగా మెకానికల్ బీటెక్ చదివినవారు ఈ దారిలో ముందుగా చేయవలసింది గుర్తింపు పొందిన సంస్థలో ఏడాదిపాటు సాగే జీఎంఈ (గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్) కోర్సు. ఆ సంగతి ఆ కేంద్రం వారు మాకు ఒక్కసారైనా చెప్పలేదు.

రసీదులు, వీడియో జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాము. మీరు ఎక్కడ చేరబోతున్నా అడ్వాన్సు కట్టే ముందు మీ అబ్బాయిని ఒక గంట సిమ్యులేటర్ ముందు కూర్చోనివ్వమని అడగండి, టర్నింగ్ గేర్ ఎంగేజ్‌లో ఉంచి స్టార్ట్ చేయించి చూడండి. ఇంజిన్ తిరిగితే డబ్బు కట్టకుండా వచ్చేయండి.