ఉద్దానంలో ఉండిపోవడమా, విశాఖ వెళ్లడమా, మగాడొక్కడే చెన్నై పోవడమా: ఏది మేలు?

ఉద్దానమంటే శ్రీకాకుళం జిల్లాలో పలాస చుట్టుపక్కల మా తీరప్రాంతం. సంక్రాంతి అయిన వారానికే పలాస స్టేషన్లో జనరల్ బోగీల దగ్గర మా వైపు మనుషులు పనుల కోసం ఊరు వదిలి సంచులతో నిలబడి ఉంటారు. వెళ్లాలా వద్దా అని ఇంటింటా ఏటా ఇదే చర్చ.

2001 నుంచి 2011 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో జనాభా దాదాపు 11 శాతం పెరిగితే శ్రీకాకుళం జిల్లాలో పెరిగింది ఆరున్నర శాతమే. 2011 లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లున్నారు. పిల్లల్ని తక్కువ కనడం ఒక్కటే కాదు, మగవాళ్లు ఊళ్లో ఉండటం లేదు.

ముందు ఊరి సంగతి. ఇల్లు సొంతం, అద్దె లేదు, కష్టమొస్తే నలుగురూ వస్తారు. కానీ 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ ఒక్క రాత్రిలో పడగొట్టేసింది, కొత్తగా నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, అంతవరకూ ఏం తినాలి? ఆడవాళ్లకి జీడిపిక్కల పని ఉంది. పెంకు కొడితే కారే జీడి నూనెకి వేళ్లు నల్లబడి చర్మం ఊడిపోతుంది, మా పక్కింటి అక్క అన్నం కలుపుకోవడానికి కూడా చెంచా వాడుతుంది. పైగా మా దగ్గర చాలామందికి కిడ్నీ జబ్బు, దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 చివర్లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి మొదలైంది కాబట్టి, ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉంటే మాత్రం నేను ఊళ్లోనే ఉండమంటాను.

మగాడొక్కడే చెన్నైకో హైదరాబాద్‌కో బిల్డింగ్ పనులకి పోతే చేతికి వచ్చే డబ్బు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ పిల్లలు తాతా నానమ్మల దగ్గర, తండ్రి ఫోన్లో. అక్కడ అతనికి ఏమన్నా అయితే అడిగే దిక్కుండదు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది చనిపోయారు, వాళ్లలో మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చాలామంది ఉన్నారు. మూడింటిలో ఇదే అన్నిటికంటే చెడ్డదని నా గట్టి అభిప్రాయం, అప్పు తీర్చడానికి ఒక ఏడాదికైతే సరే గానీ అదే బతుకైపోకూడదు.

విశాఖ కూడా స్వర్గం కాదు. 2011 లెక్కల్లోనే అక్కడ 44 శాతం దాకా కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయి. కొండవాలు బస్తీలో ఒకటే గది, కుళాయి కొండ కింద ఉంటే బిందె ఎత్తుకుని మెట్లెక్కాలి, అది ఎప్పుడూ ఆడవాళ్ల పనే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా కుదిరితే అద్దె ఉండదు గానీ మొగుడు రాత్రీ పగలూ డ్యూటీ, పెళ్లాం ఫ్లాట్లలో అంట్లు, పిల్లలు సెల్లార్‌లో కార్ల పక్కన కూర్చుని హోంవర్క్ రాస్తారు. అయినా సాయంత్రం అందరూ ఒక్కచోట అన్నం తింటారు, ఊళ్లో ఎవరికన్నా బాగోలేదంటే రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటారు. చెన్నై నుంచి అది కుదరదు.

బడి వయసు పిల్లలుండి, ఊళ్లో అరెకరమో ఎకరమో తప్ప ఇంకేమీ లేనివాళ్లకి నా ఓటు విశాఖకే. ఊళ్లో పిల్లలు తగ్గేకొద్దీ బడి కూడా మిగలడం లేదు, 2022లో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపేశాక చిన్నపిల్లలు పక్క ఊరికి నడవాల్సి వచ్చింది. యాభై దాటినవాళ్లని మాత్రం లాక్కుపోకండి, తోటా ఇల్లూ చూసుకుంటూ అక్కడే ఉంటారు. ఊరి రేషన్ కార్డు మీద విశాఖలోనూ బియ్యం ఇస్తారు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

కానీ సంక్రాంతి కాగానే పిల్లల్ని రైలెక్కించొద్దు. పరీక్షలు రాయనిచ్చి, టీసీ తీసుకుని, జూన్‌లో బడి తెరిచే రోజుకి అక్కడుండేలా వెళ్లండి. మధ్యలో వెళ్లిన పిల్లలు ఆ ఏడాది మళ్లీ ఏ బడిలోనూ కుదురుకోక, అమ్మ వెనక ఫ్లాట్లకి వెళ్లడం మొదలుపెడతారు, ఆడపిల్లలైతే మరీను.