కర్ర సుంకం ఎవరి నెత్తిన? ఫిక్స్‌డ్ ప్రైస్, కాస్ట్ ప్లస్, ఎస్కలేషన్ క్లాజ్: అమెరికాలో ఇల్లు కట్టించేవాళ్లకి ఏది మేలు?

మొన్న శనివారం పొద్దున్నే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డాలస్‌కి ఉత్తరాన సెలైనాలో స్థలం కొనుక్కుని, ఒక చిన్న కస్టమ్ బిల్డర్ చేత ఇల్లు కట్టించుకుంటున్నాడు. ఒప్పుకున్న ధర 6 లక్షల డాలర్లు. స్లాబ్ పోయడం అయింది, కర్ర దిగాలి. ఇంతలో బిల్డర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. లంబర్ (కోసిన కర్ర) మీద టారిఫ్‌లు పెరిగాయి కాబట్టి మొత్తం కాంట్రాక్టు మీద 3 శాతం అదనంగా కట్టాలట. అంటే 18,000 డాలర్లు. "కట్టాలా అన్నా? కట్టకపోతే పని ఆపేస్తాడేమోనని రెండ్రోజుల్నుంచి ఒకటే టెన్షన్" అన్నాడు.

నేను ఇక్కడ ఒక కలప అడితిలో ఎస్టిమేటర్ని. ప్లాన్ ముందు పెట్టుకుని ఏ గోడకి ఎన్ని స్టడ్లు (నిలువు కర్రలు), ఏ కిటికీ మీదకి ఎంత హెడర్ (అడ్డ దూలం) అని లెక్క కట్టడమే నా ఉద్యోగం. ఇలాంటి ఫోన్లు ఈమధ్య నాకు మామూలైపోయాయి. మూడు రకాల కాంట్రాక్టుల్లో ఏది మంచిదని అడిగేవాళ్లే ఎక్కువ. అది చెప్పాలంటే ముందు సుంకం సంగతి చూడాలి.

అమెరికా, కెనడాల మధ్య ఈ కర్ర తగువు 1982 నుంచి నడుస్తోంది. కెనడాలో అడవులు చాలావరకు ప్రభుత్వానివి. చెట్టు కొట్టుకున్నందుకు మిల్లులు కట్టే రుసుము మరీ తక్కువ, అది సబ్సిడీతో సమానమని అమెరికా మిల్లుల వాదన. మధ్యలో రాజీ ఒప్పందాలు కుదిరాయి. చివరిదాని గడువు 2015 అక్టోబర్లో తీరిపోయింది. 2017 నుంచి మళ్లీ సుంకాలు. 2024 ఆగస్టు నాటికి సుమారు 14.5 శాతం ఉన్నవి, 2025 ఆగస్టులో యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్మినందుకు వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీకి విరుగుడుగా వేసేది) రెండూ కలిసి ఎక్కువ కంపెనీలకి 35 శాతం దాటాయి. అది చాలదన్నట్టు అక్టోబర్ 14 నుంచి దేశ భద్రత పేరుతో దిగుమతుల మీద సుంకం వేసే సెక్షన్ 232 కింద ఇంకో 10 శాతం వేశారు. వెరసి 45.

ఈ 45 అన్న అంకె చూసే అందరికీ గుండె జారిపోతుంది. ఇంటి ధర 45 శాతం పెరగదని అందరికీ తెలుసు. మరి ఎంత పెరుగుతుందో ఎవరూ లెక్క వేసుకోరు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తమ్ముడి నాన్నగారు ఖమ్మం నుంచి వచ్చి ఉన్నారు. ఆయన కుర్రతనంలో అక్కడ కలప అడితిలో గుమాస్తా చేశారు. కాబట్టి లెక్క ఆయనకే చెప్పాను. రెండున్నర వేల చదరపుటడుగుల ఇంటి చట్రానికి సుమారు 15,000 బోర్డ్ ఫుట్ల కర్ర పడుతుంది. బోర్డ్ ఫుట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. ఆయన వెంటనే "అంటే పన్నెండయితే ఒక సీఎఫ్‌టీ, ఘనపుటడుగు. మొత్తం 1,250 సీఎఫ్‌టీలు" అన్నారు. సుంకం కలపని మిల్లు ధర వెయ్యి బోర్డ్ ఫుట్లకి 500 డాలర్లు అనుకుందాం అన్నాను. ఆయన వేళ్ల మీద లెక్కేసి "సీఎఫ్‌టీ ఆరు డాలర్లా? మన డబ్బుల్లో ఐదొందల చిల్లర! టేకు మాట వదిలెయ్యి నాయనా, మా దగ్గర ఆ రేటుకి వేపకర్ర కూడా రాదు. దీనికా ఇంత గోల?" అన్నారు.

ఆయన అన్నదాంట్లోనే విషయమంతా ఉంది. 15,000 బోర్డ్ ఫుట్లకి ఆ రేటున అయ్యేది 7,500 డాలర్లు. కర్రంతా కెనడా నుంచే వచ్చిందనుకుందాం, 45 శాతం సుంకం పైసాతో సహా మన మీదే పడిందనుకుందాం. అప్పటికి పెరిగేది 3,375. మా అడితి లాభం, లారీ ఖర్చు కలుపుకుని 4,500 అనుకోండి. మరి బిల్డర్ అడిగిన 18,000 ఎక్కడిది?

నిజానికి అమెరికాలో వాడే సాఫ్ట్‌వుడ్‌లో (పైన్, స్ప్రూస్ లాంటి మెత్త కర్రలో) కెనడాది నాలుగో వంతు, కాస్త అటూ ఇటూ. అలాగని మిగతా మూడు వంతులూ పాత రేటుకే దొరుకుతాయనుకోకండి. పక్క కొట్లో ధర పెరిగాక మన కొట్టువాడు మాత్రం ఎందుకు తగ్గించి అమ్ముతాడు? అందుకే నేను అంతా కెనడా కర్రే అనుకుని గరిష్ఠం లెక్క వేశాను. గోడలకీ కప్పుకీ కొట్టే ఓఎస్‌బీ షీట్లు (కర్ర పేళ్లు అతికించి చేసిన పలకలు) ఈ సాఫ్ట్‌వుడ్ సుంకంలోకి రావు. ఇంటి నిర్మాతల జాతీయ సంఘం ఎన్ఏహెచ్‌బీ 2024 సర్వేలో ఫ్రేమింగ్ (ఇంటి చట్రం) మొత్తం కలిపి, అంటే కర్ర, ట్రస్సులు (కప్పు చట్రాలు), షీట్లు, కూలి అన్నీ కలిపి, నిర్మాణ ఖర్చులో 16.6 శాతమే. ఆ ముక్కలో ఒక ముక్క మీద పడే సుంకం కోసం మొత్తం కాంట్రాక్టు మీద శాతం అడగడం ఏ లెక్క?

ఇంకో సంగతి. సుంకం, ధర కలిసి నడవాలని లేదు. 2021 మే నెలలో లంబర్ ఫ్యూచర్స్ (ముందస్తు బేరాల మార్కెట్ ధర) వెయ్యి బోర్డ్ ఫుట్లకి 1,600 డాలర్లు దాటాయి. అప్పుడు కెనడా కర్ర మీద సుంకం సగటున 9 శాతమే. కోవిడ్‌లో మిల్లులు పని తగ్గించుకున్నాయి, జనం ఇళ్ల మీద పడ్డారు, ధర కొండెక్కింది. 2025లో దీనికి తలకిందులు. ఆగస్టు మొదట్లో 700కి దగ్గరగా వెళ్లిన ధర, 35 శాతం సుంకం అమల్లోకి వచ్చాక పెరగాల్సింది పోయి సెప్టెంబర్‌ కల్లా 600 కిందికి దిగింది. సుంకం వస్తుందని ముందే తెలిసి అడితిలవాళ్లు (మేము కూడా) గోడౌన్లు నింపేసుకున్నారు. తీరా చూస్తే వడ్డీ రేట్ల దెబ్బకి ఇళ్లు కొనేవాళ్లు తగ్గారు. నింపుకున్న కర్ర అలాగే ఉండిపోయింది.

ఇది శాశ్వతమని మాత్రం నేననను. బ్రిటిష్ కొలంబియాలో కోత మిల్లులు మూతపడుతున్నాయి. బీటిల్ పురుగు, కార్చిచ్చులు అక్కడి అడవుల్ని ముందే దెబ్బతీశాయి, ఇప్పుడు సుంకం తోడైంది. మూసిన మిల్లు మళ్లీ తెరవడం మాటలు కాదు. ఇళ్ల గిరాకీ తిరిగి వచ్చిన రోజున అసలు వాత పడుతుంది.

ఇక కాంట్రాక్టుల సంగతి.

ఫిక్స్‌డ్ ప్రైస్ అంటే ధర ఖాయం, పెరిగినా తగ్గినా బిల్డర్ చూసుకోవాలి. వినడానికి ఇదే హాయి. కాకపోతే బిల్డర్ తన భయానికి కూడా రేటు కట్టి అందులో కలుపుతాడు, ఆ రేటెంతో మీకు చెప్పడు. పెద్ద బిల్డర్లయితే వేల ఇళ్లకి ఒకేసారి కర్ర మాట్లాడుకుంటారు కాబట్టి వాళ్ల భయం తక్కువ, ధర నిలబడుతుంది. ఏడాదికి ఐదారు ఇళ్లు కట్టేవాడికి అంత నిబ్బరం ఉండదు. నష్టం వచ్చేలా ఉంటే ఏదో ఒకచోట కక్కుర్తి పడతాడు, లేదంటే ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అయినా జీతం మీద, కన్‌స్ట్రక్షన్ లోన్ మీద కట్టుకునేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. బ్యాంకు సంతకమైన ధర చూసి అప్పిస్తుంది, పైన పెరిగిందంతా చేతి డబ్బే.

కాస్ట్ ప్లస్‌లో ఖర్చెంతయితే అంత, దానిమీద బిల్డర్ ఫీజు. బిల్లులన్నీ మీ కళ్లముందు ఉంటాయి, ధర తగ్గితే లాభం మీదే. 2025 చివర్లో కర్ర కొన్నవాళ్లు ఈ పద్ధతిలో బాగుపడ్డారు. కానీ ఆ ఫీజు శాతంలో ఉంటే, కర్ర ధర పెరిగిన కొద్దీ బిల్డర్ జేబూ పెరుగుతుంది. మరి బేరం ఎవరు ఆడతారు? నేను లెక్క కట్టిన ఒక కాస్ట్ ప్లస్ ఇంటికి, వేస్టేజ్ కలుపుకుని ఎంత కావాలో అంతే రాసిచ్చాను. ఆర్డర్ మాత్రం దానికన్నా రెండు కట్టలు ఎక్కువ వచ్చింది. మూడు వారాల తర్వాత వేరే పనిమీద ఆ సైటుకి వెళితే, ఆ రెండు కట్టలూ బురదలో, వానకి నాని, అరటికాయల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. వాటి డబ్బు, ఆ డబ్బు మీద ఫీజు కట్టింది ఇంటి యజమాని. ఆయనకి ఈ సంగతి తెలియనే తెలియదు. వారానికి రెండుసార్లు సైటుకి వెళ్లి కట్టలు లెక్కపెట్టుకునే ఓపిక ఉంటేనే కాస్ట్ ప్లస్. అప్పుడు కూడా ఫీజు శాతంలో కాకుండా ఒక ఖాయమైన మొత్తంగా రాయించుకోండి.

మూడోది ఎస్కలేషన్ క్లాజ్. ధర ఖాయమే గానీ ఫలానా సరుకు పెరిగితే ఆ తేడా మీరు కట్టాలి. ఈ క్లాజ్ పేరు వింటేనే మనవాళ్లు భయపడతారు. సరిగ్గా రాస్తే చిన్న బిల్డర్‌తో పని చేసేటప్పుడు నాకు ఇదే అన్నిటికన్నా నచ్చుతుంది, ఎందుకంటే భయానికి రేటు కట్టే పని తప్పుతుంది. సరిగ్గా రాయడమంటే, సంతకం నాటి అడితి కోట్‌ని తేదీతో సహా కాంట్రాక్టుకి జత చెయ్యాలి. ఏయే సరుకుకో పేరుపేరునా ఉండాలి. మొదటి 5 శాతం పెరుగుదల బిల్డర్‌దే, ఆపైన ఇంత మించకూడదని గీత ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, తగ్గితే ఆ తేడా మనకి రావాలి. ఈ ఆఖరి మాట అడిగితేనే చాలామంది బిల్డర్ల మొహం మారిపోతుంది. అడగండి. మా అడితి కోట్ ఇప్పుడు 15 రోజులకి మించి నిలవదు. ఆ సంగతి బిల్డర్‌కీ తెలుసు.

అసలు ఈ కర్రే వద్దు, వేరే దారి పడదాం అనేవాళ్లూ ఉన్నారు. దక్షిణాది పసుపు పైన్ అమెరికాలోనే, మా తూర్పు టెక్సస్‌లో కూడా పెరుగుతుంది. సుంకం లేదు, 2025లో ధర కూడా చాలావరకు కెనడా స్ప్రూస్ కన్నా తక్కువే పలికింది. బరువెక్కువ, ఎండకి మెలి తిరుగుతుంది. అందుకే ఎత్తైన గోడల స్టడ్లకి ఫ్రేమర్లు స్ప్రూసే అడుగుతారు. జాయిస్టులకి (నేలనీ కప్పునీ మోసే అడ్డ కర్రలకి), స్లాబ్ మీద కూర్చునే, చెద పట్టకుండా మందు ఎక్కించిన ట్రీటెడ్ ప్లేట్లకి మాత్రం పసుపు పైన్ భేషుగ్గా ఉంటుంది. ఇక స్టీల్ స్టడ్లు అంటారా, పెనం మీంచి పొయ్యిలో పడినట్టే. స్టీల్ మీద సుంకాన్ని 2025 జూన్‌లో 50 శాతానికి పెంచారు. కట్టడం వచ్చిన ఫ్రేమర్లు దొరకడం కూడా కష్టమే.

తమ్ముడి కాంట్రాక్టు తీసి చూశాను. అందులో ఎస్కలేషన్ క్లాజ్ ఉంది, "రుజువు చూపిన పెరుగుదల" అన్న మాటా ఉంది. సంతకం తేదీ చూస్తే 2025 ఆగస్టు మొదటి వారం. అంటే కర్ర ధర ఆ ఏడాదిలోనే పై మెట్టు మీద ఉన్నప్పటి కోట్! సుంకం ఆ తర్వాత పెరిగిన మాట నిజమే, కర్ర మాత్రం అప్పటికన్నా చవగ్గా ఉంది. "ఆగస్టు కోట్ ఒకటి, ఇవాళ్టి కోట్ ఒకటి, రెండూ పంపమని మర్యాదగా రాయి" అన్నాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది. కర్ర ఊసే లేదు. క్యాబినెట్లు పెరిగాయి, 2,200 డాలర్లు ఇవ్వమన్నాడు, ఇన్‌వాయిస్ కూడా పెట్టాడు.

అది న్యాయమే. దిగుమతి క్యాబినెట్లు, వానిటీల (బాత్రూం సింకు కింది అరల) మీద 2025 అక్టోబర్ 14 నుంచి 25 శాతం సుంకం. 2026 జనవరి 1కి అది 50 కావాల్సింది, 2027 జనవరి 1కి వాయిదా వేశారు. మన ఇళ్లల్లో కర్ర కన్నా ఇదే ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే మనకి ఒక వంటిల్లు చాలదు. పోపులకీ వేపుళ్లకీ వెనకాల స్పైస్ కిచెన్ ఉండాల్సిందే, దానికీ నిండా క్యాబినెట్లే. ఈ ఏడాదిలో ఇల్లు పూర్తయ్యేవాళ్లు ఫ్రేమింగ్ మొదలవక ముందే క్యాబినెట్లు ఆర్డర్ పెట్టి ధర ఖాయం చేసుకోండి. ఆగితే కలిసొచ్చేది నాకైతే కనబడటం లేదు.

తమ్ముడు 2,200 కట్టడానికి ఒప్పుకున్నాడు. సుంకం పడింది ఆ రెండో వంటింటి మీదేనని తెలిశాక తమ్ముడి నాన్నగారు కాసేపు ప్లాన్ వంక చూసి, "పెరట్లో ఒక పొయ్యి పెట్టుకుంటే పోయేదానికి!" అన్నారు.