చవక కార్బరేటర్ కిట్లతో జాగ్రత్త: పాత జెట్లు పారేయకండి

పాత బండి కార్బరేటర్లు విప్పి కడుగుదామనుకుంటున్న వాళ్లకు ముందే చెబుతున్నా. ఆన్‌లైన్‌లో దొరికే చవక రిపేర్ కిట్‌ని నమ్మి, బండితో వచ్చిన ఇత్తడి జెట్లను (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) చెత్తలో వేయకండి. నేను కొన్న కిట్ బండిని బాగుచేయకపోగా, ఇంజనాయిల్‌లోకి పెట్రోల్ దింపింది.

నాది రెండు సిలిండర్ల బండి, రెండు సీవీ కార్బరేటర్లు (ఇంజన్ పీల్చే గాలికి లోపలి పిస్టన్ పైకి లేచే రకం). చాలాకాలం తీయకుండా ఉంచడంతో లోపలి పెట్రోల్ ఎండి బంకలా పట్టేసింది. చోక్ లాగితేనే స్టార్టయ్యేది, వదిలితే ఆగిపోయేది. పైలట్ జెట్ (ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చేది) మూసుకుపోతే సాధారణంగా ఇలాగే ఉంటుంది. రెండూ విప్పి శుభ్రంగా కడిగి, సరిగ్గా ఈ మోడల్‌కే అని రాసిన కిట్ తెప్పించి వేశాను. అన్నీ తళతళలాడుతున్నాయి, జెట్ల మీద నంబర్లు కూడా పాతవాటివే.

బండి స్టార్టయింది. కానీ స్లో నిలవడం లేదు, ఎక్కడ ఆపినా పెట్రోల్ వాసన. కుడివైపు ప్లగ్ తీస్తే మసిపట్టి తడిగా ఉంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగింది! ఆయిల్ దానంతట అది పెరగదు కదా. వాసన చూస్తే విషయం తెలిసిపోయింది.

అసలు దోషి ఫ్లోట్ నీడిల్. కార్బరేటర్ అడుగు గిన్నెలో పెట్రోల్ నిండగానే దానిమీద తేలే ఫ్లోట్ పైకి లేచి ఈ నీడిల్‌ను నొక్కుతుంది, పెట్రోల్ ఆగుతుంది. నీడిల్ వెనక చివర స్ప్రింగ్ మీద ఆడే చిన్న పిన్ను ఉంటుంది. కిట్‌లో వచ్చిన ఒక నీడిల్‌కు ఆ పిన్ను లోపలికి దిగితే మళ్లీ బయటికి రావడం లేదు. భూతద్దంలో చూస్తే రబ్బరు మొన ఒకవైపుకి వంగి ఉంది. అంటే సీటు మీద సరిగ్గా కూర్చోదు, రాత్రంతా ట్యాంకులోంచి బొట్టుబొట్టుగా దిగుతూనే ఉంటుంది. ఓవర్‌ఫ్లో పైపు ఉన్న కార్బరేటర్‌లో అయితే కింద కారి కనిపిస్తుంది. అది లేని వాటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి, అక్కడినుంచి ఆయిల్‌లోకి పోతుంది.

జెట్ల సంగతి ఇంకా ఘోరం. పాతదీ కొత్తదీ వెలుతురుకు పట్టి చూశాను. పాత పైలట్ జెట్ రంధ్రం గుండ్రంగా, అంచు నున్నగా ఉంది. కొత్తదాని అంచున ఇత్తడి పొట్టు అతుక్కుని ఉంది, రంధ్రం కూడా మధ్యలో లేదు. పాతదాంట్లో దూరని సన్నని గిటార్ తీగ కొత్తదాంట్లో సులువుగా దూరిపోయింది. (తీగ కొలతకే, జెట్ గీకడానికి కాదు. గీకితే రంధ్రం పెద్దదై అసలు జెట్ కూడా పోతుంది.) రెండింటి మీదా ఒకే నంబరు!

అసలు నంబరు చూసి జెట్లు కొనడమే ప్రమాదం. కైహిన్ కంపెనీ మెయిన్ జెట్ (యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు పెట్రోల్ ఇచ్చేది) మీద 120 అంటే రంధ్రం సుమారు 1.2 మిల్లీమీటర్లు. మికుని కంపెనీ హెక్స్ (ఆరుపలకల) మెయిన్ జెట్ మీద అదే 120 పెట్రోల్ ప్రవాహానికి సంబంధించిన లెక్క. ఈ రెండూ కలిపేసి అమ్మేవాళ్లున్నారు.

అమ్మినతనికి ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: "ఒకసారి బిగించాక రిటర్న్ తీసుకోం, ఫిట్టింగ్‌లో తేడా అయ్యుంటుంది." బిగించకుండా తేడా ఎలా తెలుస్తుందో మరి!

నా అభిప్రాయం ఇది: పాత బండిలో ఇత్తడి సామాను చాలావరకు అరగదు, మూసుకుంటుంది అంతే. నానబెట్టి, క్లీనర్ కొట్టి, గాలి ఊదితే సరిపోతుంది. లోపల పైకీ కిందికీ ఆడే సూది రాసుకుని రాసుకుని నీడిల్ జెట్ (ఆ సూది దిగే గొట్టం) రంధ్రం కోలగా అరిగితే తప్ప మార్చక్కర్లేదు. మార్చాల్సింది రబ్బరే: ఓ-రింగులు, గిన్నె గ్యాస్కెట్, ఫ్లోట్ నీడిల్. ఆ ఓ-రింగులు వైటన్ (పెట్రోల్‌ను తట్టుకునే రబ్బరు) వి అయితే మంచిది, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో నాసిరకం రబ్బరు ఉబ్బిపోతుంది. మిక్చర్ స్క్రూ (స్లోలో పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసేది) కింద స్ప్రింగ్, ఆపైన వాషర్, చివర ఓ-రింగ్ రావాలి. నా కిట్‌లో ఆ బుల్లి వాషరే లేదు. పాతది జాగ్రత్తగా దాచుకున్నవాళ్లు బతికిపోతారు.

సీవీ కార్బరేటర్ అయితే డయాఫ్రం (పిస్టన్‌ను లేపే పల్చటి రబ్బరు పొర) తీసి పక్కన పెట్టాకే క్లీనర్ కొట్టండి. దాని రబ్బరుకు క్లీనర్ పడదు, మళ్లీ దొరకడమూ కష్టం.

కొత్త నీడిల్ వేసి బండికి బిగించకముందే పరీక్షించొచ్చు. కార్బరేటర్‌ని తలకిందులుగా పట్టుకుని, పెట్రోల్ వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు తగిలించి నోటితో మెల్లగా ఊదండి. ఫ్లోట్ బరువుకే నీడిల్ మూసుకుని గాలి ఆగిపోవాలి. సన్నగా బుస్సుమన్నా ఆ నీడిల్ వద్దు.

ఇప్పటికే ఇలాంటి కిట్ వేసి ఉంటే, ముందు పెట్రోల్ ట్యాప్ కట్టేసి డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు. ప్లగ్గులు తీసి, వైర్లు పక్కకు జరిపి ఇంజన్‌కు ఆనించి, కిక్కు నెమ్మదిగా తిప్పండి. సిలిండర్‌లో పెట్రోల్ నిలిచి ఉంటే ప్లగ్ రంధ్రంలోంచి చిమ్ముతుంది, అందుకని మొహం దూరంగా పెట్టుకోండి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. ఆ తర్వాత ఆయిల్ మార్చాకే కిక్కు కొట్టండి.