పండరి చేరాక ఎక్కడ దిగాలి, ఎలా చూడాలి

ఆషాఢ ఏకాదశికి పండరిపురం విఠోబా గుడి చేరేలా, పుణె దగ్గరి ఆళంది నుంచి సంత్ జ్ఞానేశ్వర్ పాల్కీ (పాదుకల పల్లకీ) వెంట సుమారు 250 కిలోమీటర్లు నడిచేవాళ్లందరినీ దివే ఘాట్ అనే కొండదారి పేరు చెప్పి భయపెడతారు. నిజానికి ఆ ఎక్కుడు తాళాల మోతలోనే గడిచిపోతుంది. చిక్కంతా పండరిపురం చేరాకే. అక్కడ దిండి (కలిసి నడిచే భక్తుల బృందం) చెదిరిపోతుంది, ఎవరి తంటాలు వారివి.

నన్నడిగితే యాత్ర పండరికి ముందు చివరి మజిలీ అయిన వాఖరీ దగ్గరే పండుతుంది. దానికి కాస్త ముందు, బాజీరావు బావి వద్ద జరిగే గుండ్రటి రింగణ్ (గుర్రపు పరుగు వేడుక) మాత్రం వదులుకోకండి. రౌతు లేని గుర్రం ఒకటి జనం మధ్య చుట్టూ పరుగు తీస్తుంది. అది మావులీది, అంటే జ్ఞానేశ్వరునిదని నమ్మకం. పరుగు ఆగీ ఆగకముందే అందరూ నేల మీదికి వంగి, డెక్కల కింది మట్టిని నుదుట రాసుకుంటారు. మా షోలాపూర్ పద్మశాలి పెద్దమ్మ ఒకావిడ ఇంత మట్టిని కొంగున ముడివేసుకుని, "సాంచె (మరమగ్గం) కింద చల్లుతాను నాయనా, ఏడాదంతా పని ఆగదు" అంది.

బస విషయానికొస్తే, దారిలో దిండి డేరాను మించింది లేదు. సామాను లారీలో ముందే వెళ్తుంది, మనం చేరేసరికి పిఠలా (శనగపిండి కూర), జొన్నరొట్టె సిద్ధం. వాన పడితే మాత్రం నేలంతా చిత్తడి. సంచార మరుగుదొడ్లకు తెల్లవారకముందే వెళ్లడం మేలు. పండరిలో ఏకాదశికి లాడ్జీలను నమ్మకండి. మావాళ్లు బయానా కట్టిన గదిని మరొకరికి ఇచ్చేశారు. మఠంలో చాపా, కుళాయి దగ్గర వరుసా తప్పవు గానీ, మాట తప్పరు.

దర్శనం సంగతి. ఏకాదశి రోజుల్లో పాదదర్శనం వరుసలో నిలబడితే ఒక పగలూ రాత్రీ దాటినా ఆశ్చర్యం లేదు. దూరం నుంచి చూసే ముఖదర్శనం కొంత త్వరగా అవుతుంది. చాలామంది వార్కరీలు (పండరి యాత్ర చేసే విఠోబా భక్తులు) చంద్రభాగ నదిలో మునిగి, భక్త పుండలీకుని గుడి చూసి, విఠోబా గుడి వాకిట ఉన్న నామదేవుని మెట్టుకు మొక్కి, గుడి శిఖరం మీది కలశానికి దండం పెట్టి వెనుదిరుగుతారు. ఆ పద్ధతే నాకు నచ్చింది. విఠోబా పాదాలపై తల ఆనించాలనే పట్టుంటే పున్నమినాటి గోపాలకాలా (యాత్ర ముగింపు వేడుక) అయ్యాక మరోసారి వెళ్లండి. ఉజనీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే నదిలో లోపలికి దిగవద్దు.

తిరుగు ప్రయాణానికి ఏకాదశి సాయంత్రం ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ) బస్సుల జోలికి పోకండి. కిటికీలోంచి సంచి విసిరి సీటు పట్టేవాళ్లతో మనం గెలవలేం. ద్వాదశి పారణ మఠంలోనే చేసుకుని కుర్దువాడికి రైలెక్కితే, అక్కడి నుంచి షోలాపూర్ మీదుగా హైదరాబాద్ వైపు రైళ్లున్నాయి.