కొరికే కుక్కకు నల్ల రబ్బరు కాంగ్: చెన్నైలో వాడి చూసిన సమీక్ష

చెన్నైలో పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే ఏ దుకాణానికి వెళ్లినా, కుక్కల బొమ్మలు వేలాడే గోడ మీద దాదాపు ప్రతి అట్టకూ ‘విరగదు’, ‘చిరగదు’, ‘ఎంత కొరికినా చెక్కుచెదరదు’ అన్న హామీ ఉంటుంది. ఆ హామీ వెనుక ప్రభుత్వ పరీక్ష గానీ ముద్ర గానీ ఏమీ లేదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది కానీ, ఆ ఉత్తర్వు 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకే వర్తిస్తుంది. కుక్క రోజూ గంటల తరబడి నోట్లో పెట్టుకునే వస్తువు దాని పరిధిలోకి రాదు. అందువల్ల ఏది మంచిదో ఏది చెడ్డదో కొనేవాళ్లే తేల్చుకోవాలి. అలా నేను తేల్చుకుని వాడుతున్నది కాంగ్ అనే అమెరికా సంస్థ చేసే నల్ల రబ్బరు బొమ్మ. ఈ సమీక్ష దాని గురించే.

మా ఇంట్లో ఉన్నది ముప్పై కిలోలు దాటిన లాబ్రడార్ మగ కుక్క, పేరు భీముడు. పేరుకు తగ్గట్టే దూదిబొమ్మ ఏదైనా దాని దగ్గర ఒక పూట నిలిస్తే గొప్ప. ఇలాంటి కుక్క ఉన్నవాళ్లందరూ దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘అన్నిటికంటే గట్టిది ఏది?’ అని. ఆ ప్రశ్నకు దుకాణదారు ఇచ్చే జవాబు సాధారణంగా గట్టి నైలాన్ ఎముక, గేదె కొమ్ము, ఎండబెట్టిన గిట్ట, లేదా యాక్ పాలతో చేసి రాయిలా ఆరబెట్టిన హిమాలయపు చుర్పీ. అవన్నీ నిజంగానే గట్టివి, ఎక్కువ కాలం వస్తాయి. అయితే బొమ్మకూ పంటికీ మధ్య పోటీ పెట్టినప్పుడు రెండిట్లో ఏదో ఒకటి అరగాలి, లేదా విరగాలి. బొమ్మ విరగనంటే విరిగేది పన్ను.

పెరిగిన కుక్కకు 42 పళ్లుంటాయి. గట్టి వస్తువును నమిలేటప్పుడు అది నోటి పక్కకు తెచ్చుకుని, పై దవడలోని నాలుగో అగ్రచర్వణకం (దవడపళ్లకు ముందుండే నమిలే పన్ను) మీద బరువంతా వేస్తుంది. ఆ పెద్ద పన్ను బయటివైపు నుంచి పెచ్చుగా ఊడిపోవడం పశు దంతవైద్యులు తరచుగా చూసే గాయం. పెచ్చు లోతుగా ఊడితే లోపలి నరం బయటపడుతుంది. ఆ తరువాత మత్తుమందిచ్చి రూట్ కెనాల్ చేయడమో, పన్ను తీసెయ్యడమో తప్ప వేరే దారి ఉండదు. కుక్క నొప్పిని బయటికి చూపకుండా అలాగే తింటూ ఉంటుంది కాబట్టి, ముఖం వాచేదాకా చాలామందికి సంగతే తెలియదు. అందుకే పశువైద్యులు చెప్పే పరీక్ష చాలా తేలికైనది: బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే వస్తువు మీద కాస్తయినా నొక్కు పడాలి, దానితో మీ మోకాటి చిప్ప మీద కొట్టుకుంటే ప్రాణం పోయినంత పని అవుతుందనిపిస్తే అది కుక్క నోటికి పనికిరాదు. పైన చెప్పిన నాలుగు వస్తువుల్లో ఈ పరీక్షలో నెగ్గేది ఒక్కటీ లేదు.

నేను ఇక్కడ సమీక్షిస్తున్న కాంగ్ ఎక్స్‌ట్రీమ్ అనే నల్ల రబ్బరు బొమ్మ ఈ పరీక్షలో నెగ్గుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు గుండ్రాల ఆకారం, లోపలంతా బోలు. రెండు చేతులతో బలంగా నొక్కితే అణుగుతుంది, వదలగానే యథాస్థితికి వస్తుంది. దీని పుట్టుక కథ కూడా పళ్ల గురించే కావడం నాకు నచ్చిన విషయం. అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన పెంచిన ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకుంటూ ఉండేదట. ఆయన వోక్స్‌వ్యాగన్ వ్యాను మరమ్మతు చేస్తూ పారేసిన సస్పెన్షన్ రబ్బరు ముక్కను అది పట్టుకుని వదల్లేదు. ఆ ఆకారం నుంచే 1976లో ఈ సంస్థ మొదలైంది.

రంగును బట్టి రబ్బరు గట్టిదనం మారుతుందన్నది కొనేముందు తప్పక తెలుసుకోవాలి. గులాబీ, నీలం రంగులవి పాలపళ్ల కూనలకు, ఊదా రంగుది ముసలి కుక్కలకు, ఎర్రది మామూలుగా కొరికే వాటికి, నల్లది బలంగా కొరికే వాటికి. నాలుగైదు నెలల కూన ఇల్లంతా కొరుకుతోందని దానికి నల్లది కొనడం అనవసరం. అది పళ్లు మారే వయసు, మెత్తనిదే ఇవ్వాలి. కొలత విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. సంస్థ లెక్క ప్రకారం 13 నుంచి 30 కిలోల కుక్కకు లార్జ్, 27 నుంచి 41 కిలోల కుక్కకు ఎక్స్‌ట్రా లార్జ్. రెండిటి మధ్యన పడే బరువైతే నిస్సందేహంగా పెద్దదే తీసుకోవాలి, ఎందుకంటే వెనక దవడ పళ్ల మధ్యకు మొత్తంగా దూరిపోయే బొమ్మ త్వరగా చినుగుతుంది, గొంతుకూ అడ్డం పడవచ్చు. బొమ్మకు రెండు చివరలా రంధ్రాలుండటం కూడా అలంకారం కోసం కాదు. ఒకే రంధ్రం ఉన్న బోలు బంతిలో నాలుక దూరితే లోపల గాలి లాగేసి నాలుక ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. వీధి చివర దుకాణంలో దొరికే చవక రబ్బరు బంతుల్లో నేను మొదట చూసేది అదే.

ఖాళీ కాంగ్‌ను కుక్క ముందు పడేసి అది ఆడుకోవడం లేదని విసుక్కునేవాళ్లు చాలామంది. దీని అసలు ఉపయోగం లోపల తిండి కూరి గడ్డకట్టించి ఇవ్వడంలో ఉంది. దానికి విదేశీ డబ్బా పేస్టులు కొనవలసిన పని లేదు. మా ఇంట్లో కూరేది మెత్తగా పిసికిన పెరుగన్నం. ఉప్పు, తాలింపు ఏమీ ఉండవు. కొన్నిసార్లు ఉడికించిన గుమ్మడికాయ ముక్కలో, ఎముకలు తీసిన ఉడికిన కోడిమాంసమో కలుపుతాము. చిన్న రంధ్రాన్ని క్యారెట్ ముక్కతో మూసి, నింపి, గ్లాసులో నిలబెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే పొద్దుటికి సిద్ధం. కుక్కకు ఫ్రిజ్‌లో ప్రత్యేకంగా ఒక అరా అని మా అత్తయ్యగారు మొదట నొసలు చిట్లించారు. ఇప్పుడు నింపే పని ఆవిడే చూసుకుంటున్నారు. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష కలిసినదేదీ లోపలికి వెళ్లకూడదు. వేరుశనగ వెన్న వాడేవాళ్లు చక్కెర బదులు జైలిటాల్ వేసిన రకం కాదని డబ్బా వెనుక చదివి నిర్ధారించుకోవాలి, అది కొద్ది మోతాదులోనే కుక్కకు విషం.

గడ్డకట్టిన పెరుగన్నాన్ని నాకి నాకి బయటికి తీసుకునేసరికి కుక్క అలసిపోతుంది, బొమ్మ రబ్బరు జోలికి పెద్దగా పోదు. నల్ల కాంగ్ ఎక్కువ కాలం నిలవడానికి రబ్బరు నాణ్యత ఎంత కారణమో ఇది కూడా అంతే కారణమని నా అభిప్రాయం. చెన్నై ఎండాకాలంలో దీని వల్ల కలిగే చల్లదనం అదనపు లాభం. నష్టం కూడా ఈ ఊరి వాతావరణంలోనే ఉంది: మే నెలలో ఆ గడ్డ త్వరగా కరుగుతుంది, మిగిలిన మెతుకు సాయంత్రానికి పులుస్తుంది, చీమలు బారులు కడతాయి. తిన్న వెంటనే బొమ్మను తీసి, సన్నటి సీసా బ్రష్‌తో లోపలి గుండ్రాల దాకా తోమాలి; డిష్‌వాషర్ ఉన్నవాళ్లు అందులోనే వేయవచ్చు. కడిగిన బొమ్మను మేడ మీద ఎండలో ఆరవేయడం మాత్రం మంచిది కాదు, ఎండకు సహజ రబ్బరు పెళుసుబారి పగుళ్లిస్తుంది. నీడలో గాలికి ఆరనిస్తే చాలు.

ఇది చిరగని బొమ్మ అని నేను చెప్పడం లేదు. తయారీదారులు కూడా అలా చెప్పరు. పెద్ద రంధ్రం అంచు మొదట అరుగుతుంది. అక్కడ ముక్క ఊడినట్టు కనిపించిన రోజే బొమ్మను పారేయాలి, ధర గుర్తుకొచ్చి ఇంకొన్నాళ్లు ఉంచుకోకూడదు. పెద్ద కొలతల నల్ల కాంగ్ ధర వెయ్యి రూపాయలు దాటుతుంది, అది తక్కువేమీ కాదు. కానీ ఆ డబ్బుతో వచ్చే అరడజను దూదిబొమ్మల ఆయుష్షంతా కలిపినా దీనికి సరిపోదు. పైగా దూదిబొమ్మ లోపల కీచుమనే పీపీని మింగిన కుక్కను ఆస్పత్రికి మోసుకుపోవలసిన అగత్యం ఉండదు.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా. తాడు బొమ్మను మీరు ఒక కొస పట్టుకుని ఆడించి దాచేసేటట్టయితే సరే, ఒంటరిగా వదిలితే పీచులు పొడుగ్గా పేగుల్లోకి వెళ్లి చుట్టుకుంటాయి. టెన్నిస్ బంతి విసరడానికి బాగుంటుంది, నమలడానికి కాదు. దాని మీది నూగు ఇసుక పట్టి పళ్లను అరగదీస్తుంది. పాత టైరు ముక్కల్లో ఉక్కు తీగలుంటాయి. పాత చెప్పు ఇస్తే కొత్త చెప్పు కూడా తనదేననుకుంటుంది. వేసవిలో సరదాగా వేసే మామిడి టెంక, మెరీనాలో పారేసిన మొక్కజొన్న బెండు పేగులకు అడ్డం పడి శస్త్రచికిత్స దాకా తెస్తాయి.

ఇక కొనడం. ఇక్కడి చిన్న దుకాణాల్లో ఎర్రవి, అదీ చిన్న కొలతలే ఎక్కువగా ఉంటాయి. పెద్ద కుక్కకు ‘ఇదే సరిపోతుంది సార్’ అని అంటగట్టబోతే ఒప్పుకోవద్దు. ఆన్‌లైన్‌లో సగం ధరకు కనిపించిన అదే ఆకారపు నల్ల బొమ్మ ఒకటి మా పక్కింటివాళ్లు తెప్పించుకున్నారు. కిరసనాయిలు వాసన వదలకపోగా, వాళ్ల రాట్‌వైలర్ అంచును మొదటి వారంలోనే కొరికి తీసేసింది. రబ్బరు మీద కాంగ్ పేరు ఉబ్బెత్తుగా స్పష్టంగా ఉందా, వాసన ఘాటుగా ఉందా అన్నవి పెట్టె విప్పగానే చూసి, అనుమానం ఉంటే కుక్కకు చూపించకముందే తిప్పి పంపాలి. పంటి గుర్తు పడిన బొమ్మను ఎవరూ వెనక్కి తీసుకోరు.