పల్సర్‌కి జాపర్ టైరు వేయించి 19 వేల కిలోమీటర్లు తిరిగాక

నా బండి పల్సర్ 150. విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం ఆఫీసుకి రోజూ పోయి రావడం, నెలకోసారి అరకు. ఏడాదిన్నర కిందట వెనక ఎంఆర్ఎఫ్ జాపర్ వేయించాను, సైజు 100/90-17. ఇన్నాళ్ళు ఆగి ఎందుకు రాస్తున్నానంటే, కొత్తలో ఏ టైరైనా బాగానే పట్టుకుంటుంది, సగం అరిగాక ఎలా ఉందన్నదే మనకి కావాలి.

అంతకుముందు వాడింది వేరే కంపెనీది. షాపాయన "ముప్పై వేలకి తగ్గదు సార్, రాయిలా ఉంటుంది" అన్నాడు. అప్పటికి 20 వేలు తిరిగింది, గాట్లు ఇంకా సగం ఉన్నాయి. తొలకరి రోజులు, దారిలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర నాలుగు చినుకులు పడి రోడ్డు మీద దుమ్మూ ఆయిలూ కలిసి జిడ్డుగా ఉంది, ముందు ఆటో టక్కున ఆగితే వెనక బ్రేకు తొక్కాను, జీబ్రా క్రాసింగ్ తెల్ల గీతల మీద వెనక చక్రం పక్కకి జారిపోయింది. మా ఆవిడ వెనక కూర్చుని ఉంది. కాలు ఆనించి ఎలాగో ఆపుకున్నాను కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే టైరు మీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కి చూశాను, చిన్న గుర్తు కూడా పడలేదు.

గాట్లు ఉన్నాయి కదా అని గ్రిప్పు ఉందనుకోకండి. గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది, కానీ ఆ గట్టిదనం వల్లే రోడ్డు గరుకులోకి దిగి పట్టుకోలేదు, తడిలో అయితే మరీనూ. మెత్తటి రబ్బరు పట్టుకుంటుంది, తొందరగా కరిగిపోతుంది. జాపర్ ఈ రెండిటికీ మధ్యలో, కొంచెం మెత్తన వైపు ఉన్నట్టు నాకు అనిపించింది. మొదటి 150 కిలోమీటర్లు, పైన ఆ రబ్బరు వెంట్రుకలు, నునుపు పోయేదాకా, మలుపుల్లో మెల్లగా పోయాను. ఆ తర్వాత ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, సన్నగా వాన పడుతున్నా మలుపులో బండి వాలిస్తే కుదురుగా కూర్చుంది. ఎన్ఏడీ దగ్గర అదే గీతల మీద ఈ రెండో వానాకాలం కూడా ఒక్కసారీ జారలేదు.

లోటు లేకపోలేదు. ఎక్కువ తిన్నగా తిరిగే బండి కాబట్టి మధ్యలో చదునుగా అరిగింది, ఇప్పుడు వాలిస్తుంటే ఒకచోట అంచు తగిలినట్టు తెలుస్తుంది. మధ్యలో గాట్ల లోతు 2 మిల్లీమీటర్లు మిగిలినట్టుంది, 23, 24 వేలకి మించి లాగదు. టూవీలర్‌కి రూల్ ప్రకారం 0.8 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు, అంతదాకా నేను ఆగను. పాతది 34 వేలు వచ్చేదే అనుకుందాం. టైరు రెండు వేల పైచిలుకు, నేను నెలకి తిరిగేది వెయ్యి కిలోమీటర్లు, లెక్క కడితే తేడా నెలకి ముప్పై రూపాయలు. ఆ ముప్పై కోసం ఇంట్లోవాళ్ళని గట్టి టైరు మీద ఎక్కించుకోలేను.

మన్నిక చాలావరకు గాలిలో ఉంది, అది మన చేతిలో పని. నా బండికి గాలి ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కడినే అయితే 28, ఇద్దరమైతే 32. వారానికోసారి, బండి తిరగకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూస్తాను. చాలాచోట్ల పంక్చర్ షాపులో కళ్ళు మూసుకుని 40 కొట్టేస్తారు, దాంతో మధ్య భాగం ఇంకా ముందే అరిగిపోతుంది. తక్కువుంటే అంచులు అరుగుతాయి, టైరు వేడెక్కుతుంది. ఈ ఏడాదిన్నరా గాలి సరిగ్గా చూడకపోయి ఉంటే నాకు ఈ 19 వేలు కూడా వచ్చేవి కావు.

కొనేటప్పుడు సైడ్ మీద ఇంగ్లీషులో DOT అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చదవండి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. నేను వెళ్ళిన మొదటి షాపులో మూడేళ్ళు అటక మీద ఉన్న సరుకు తీశారు, వద్దని వచ్చేశాను. ముందు టైరు విషయంలో అయితే మన్నిక గురించి అసలు ఆలోచించకండి, ఎలాగూ వెనకదాని కంటే చాలా ఎక్కువ తిరుగుతుంది, బ్రేకు వేస్తే బరువంతా దాని మీదే పడుతుంది, దొరికినవాటిలో బాగా పట్టేదే వేయించండి.

పొడి రోడ్ల మీద రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాళ్ళకి ఇది త్వరగా అయిపోతుంది, వాళ్ళు కొంచెం గట్టిది చూసుకోవచ్చు. నాకు మాత్రం వచ్చే తొలకరి లోపు మళ్ళీ ఇదే.